రోళ్లు పగిలే ఎండలో కారు యాంప్లిఫయర్ ఆగిపోకుండా చూసుకోవడం ఎలా

గుంటూరులో బయల్దేరేటప్పుడు డిక్కీ అదిరేలా మోగిన ఊఫర్, కాజ టోల్‌గేటు దాటగానే చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, బెజవాడలో పెళ్లికి వెళ్తున్నాం. డోర్ స్పీకర్లు పాడుతూనే ఉన్నాయి, బేస్ మాత్రం లేదు. పక్కకి ఆపి డిక్కీ తీస్తే యాంప్ (స్టీరియో సిగ్నలుకి బలం ఎక్కించి స్పీకర్లకి పంపే పెట్టె, యాంప్లిఫయర్) మీద ఎర్ర లైటు. చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాను, పొయ్యి మీద పెనంలా కాలిపోతోంది.

"ఫ్యాన్లు లేవు కదా సార్, అందుకే" అన్నాడు బిగించినతను. రెండు ఫ్యాన్లు పెట్టించాను. తర్వాతి ఆదివారం అదే ఎండలో అదే దారిలో వెళ్తే ఈసారి మంగళగిరి దాకా మోగింది. అంటే ఆ ఫ్యాన్ల డబ్బుతో నేను కొనుక్కున్నది కాజ నుంచి మంగళగిరి దాకా బేస్ అన్నమాట.

అసలు తప్పులు వేరే చోట ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. మీకు ఒక ఆదివారం చాలు. కావలసినవి ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక స్క్రూడ్రైవర్, గరుకు కాగితం, నల్ల ఇన్సులేషన్ టేపు. దొరికితే గన్‌లా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి.

ముందు ఒక లెక్క

యాంప్ ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలి కంటే ఇన్ని డిగ్రీలు పైకి వేడెక్కుతుంది. ఈ "పైకి" అన్న మాటలోనే ఉంది విషయమంతా. గట్టిగా వాయిస్తే మీ యాంప్ గాలి కంటే 35 డిగ్రీలు పైకి వెళ్తుందనుకోండి. డిసెంబరు సాయంత్రం 25 డిగ్రీల్లో మొదలుపెడితే 60 దగ్గర ఆగుతుంది. హాయిగా పనిచేస్తుంది. రోహిణి కార్తెలో బయటే 44 ఉంటుంది. ఎండలో ఆపిన కారు లోపల గంట తిరిగేసరికి బయటికంటే 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. 60 దాటిన డిక్కీలో మొదలైన యాంప్, అదే 35 కలిపితే 95 దగ్గర తేలాలి. చాలా యాంప్‌లలో రక్షణ సర్క్యూటు 80, 90 డిగ్రీల ప్రాంతంలోనే నోరు కట్టేస్తుంది. చలి దేశాల్లో కూర్చుని గీసిన వైరింగ్ బొమ్మ ఇక్కడ మే నెలలో ఎందుకు బోల్తా పడుతుందో ఇప్పుడు అర్థమైందా?

కాబట్టి పని రెండు రకాలు. వేడి పుట్టడం తగ్గించడం ఒకటి, పుట్టిన వేడిని బయటికి పంపడం రెండోది. అందరూ రెండోదానితో మొదలుపెడతారు. నేనూ అంతే చేశాను. మొదటిదానితో మొదలుపెట్టండి.

1. ఆపింది వేడేనా, ఇంకేదైనానా?

ఎర్ర లైటు వెలిగిందంటే వేడే అనుకోనక్కర్లేదు. అది ఎప్పుడు వెలిగిందో గమనించండి. ఇరవై, ముప్పై నిమిషాలు బాగా వాయించాక ఆగి, కాసేపు చల్లారాక తనంతట తనే తిరిగొస్తే అది వేడి. కారు ఆన్ చేసిన క్షణంలోనే వెలిగితే ఎక్కడో స్పీకరు వైరు బాడీకి తగులుతోంది, లేదా యాంప్ లోపలే ఏదో పోయింది. బేస్ దెబ్బ పడ్డప్పుడల్లా ఠక్కున ఆగి వెంటనే వస్తుంటే కరెంటు చాలడం లేదు, లేదా లోడు, అంటే యాంప్‌కి తగిలించిన స్పీకర్ల నిరోధం, మరీ తక్కువ ఓమ్‌లకి పడిపోయింది. ఆ మూడోది ఇవాళ కాకపోయినా రేపు వేడిగానే బయటపడుతుంది.

తర్వాత వేడిని కొలవండి. ఇక్కడ నేను మోసపోయాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును యాంప్ వేడిని బయటికి వదిలే నిగనిగలాడే అల్యూమినియం రెక్కల మీద గురిపెడితే 48 చూపించింది. చెయ్యి పెడితే మాత్రం రెండు సెకన్లు కూడా ఆగలేదు. మెరిసే లోహం తన వేడిని ఆ థర్మామీటరుకు సరిగా కనపడనివ్వదు. రెక్కల మీద అంగుళం నల్ల టేపు అతికించి, అయిదు నిమిషాలాగి ఆ టేపు మీదే గురిపెట్టాను. 79. ఆ టేపు ముక్కను అలాగే ఉంచేయండి, ఇకపై మీ కొలబద్ద అదే. థర్మామీటర్ లేకపోతే చెయ్యే సాధనం. పది సెకన్లు ఆనించి ఉంచగలిగితే భయం లేదు. రెండు సెకన్లకే తీసేయాల్సి వస్తే 60 దాటినట్టే లెక్క.

2. ఓమ్‌లు లెక్కపెట్టండి

నా మొదటి తప్పు ఇది. యాంప్ వెనక "కనీసం 2 ఓమ్‌లు" అని స్పష్టంగా రాసి ఉంది. నా ఊఫర్‌కి రెండు కాయిల్స్ (లోపలి రాగి తీగ చుట్టలు), ఒక్కోటీ 2 ఓమ్‌లు. బిగించినతను రెంటినీ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన, కలిపేశాడు, "బేస్ దుమ్ము రేగుద్ది సార్" అని. రెండు 2 ఓమ్‌ల కాయిల్స్ ప్యారలల్‌లో కలిస్తే 1 ఓమ్. రెండు ఓమ్‌లు మొయ్యాల్సిన యాంప్ మీద ఒక ఓమ్ పెడితే, అది మొయ్యగలిగిన దానికి రెట్టింపు కరెంటు లాగుతుంది. కాజ దాకా వచ్చిందంటే యాంప్ మంచిదే.

ఎలా చూడాలంటే, యాంప్ ఆఫ్ చేసి, స్పీకరు వైర్లు రెండూ యాంప్ నుంచి ఊడదీయండి. మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి ముందు దాని రెండు మొనలూ ఒకదానికొకటి తాకించండి. 0.2 లాంటి అంకె వస్తుంది, అది మీటరు వైర్లదే. ఇప్పుడు స్పీకరు వైర్ల మధ్య కొలిచి అందులోంచి దాన్ని తీసెయ్యండి. 4 ఓమ్‌ల ఊఫర్‌కి మీటరులో 3.2 నుంచి 3.6 దాకా రావడం మామూలే. కంగారు పడొద్దు, మీటరు కొలిచేది కాయిల్ రాగి తీగ నిరోధాన్నే. 1.8 వస్తే 2 ఓమ్‌లు. 0.8, 0.9 వస్తే 1 ఓమ్.

నేను కాయిల్స్‌ని సిరీస్‌కి, అంటే ఒకదాని వెనక ఒకటిగా, మార్చాను, 4 ఓమ్‌లయింది. వాట్లు తగ్గాయి, నిజమే. డ్రైవరు సీట్లో కూర్చుంటే ఆ తేడా అనుకున్నంత తెలియలేదు. కానీ డిక్కీలో మాత్రం రాత్రికీ పగలికీ ఉన్నంత తేడా.

నాలుగు ఛానెళ్ల యాంప్‌ను బ్రిడ్జ్ చేసి (రెండు ఛానెళ్లను ఒకే స్పీకరుకి కలిపి) ఊఫర్ వాయించేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఛానెల్‌కి 2 ఓమ్‌లు తట్టుకునే యాంప్, బ్రిడ్జ్ చేస్తే మామూలుగా 4 ఓమ్‌లే తట్టుకుంటుంది. బ్రిడ్జ్ చేసినప్పుడు ప్రతి ఛానెలూ సగం ఓమ్‌లనే చూస్తుంది.

3. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

ఇక్కడ ఆగి నిదానంగా చెయ్యాలి. యాంప్ మీద "గెయిన్" అని, కొన్నిటి మీద "లెవెల్" అని ఉండే నాబ్, స్టీరియో నుంచి వచ్చే సిగ్నలు వోల్టేజీకి యాంప్‌ను సరిపెట్టడానికే. కొన్ని స్టీరియోలు ఆర్‌సీఏ (యాంప్‌కి సిగ్నలు తీసుకెళ్లే వైరు) నుంచి 2 వోల్టులిస్తాయి, కొన్ని 4. దాన్ని చివరిదాకా తిప్పేసి స్టీరియోని పది మీద ఉంచి "ఎంత పవరో చూడు" అనుకుంటాం. స్టీరియో ఇరవై దాటగానే యాంప్ ఇవ్వగలిగింది అయిపోయి, అల తల, తోక నరికినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చదునైన అలలో సగటు పవరు చాలా ఎక్కువ. యాంప్ పవర్ సప్లైకి తెరిపి ఉండదు, ఊఫర్ కాయిల్ కూడా మాడుతుంది.

ముందు మీ యాంప్ నిజంగా ఎన్ని వాట్లిస్తుందో తెలుసుకోండి. పెట్టె మీద 2000 అనో 3000 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది, దాన్ని సంతలో బేరం మొదటి ధర అనుకోండి. యాంప్‌కి ఉన్న ఫ్యూజులు చూడండి, అవి అబద్ధమాడవు. రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులుంటే అది లాగగలిగేది దాదాపు 60 ఆంపియర్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులనుకుంటే 828 వాట్లు. యాంప్‌లలో క్లాస్ డీ, క్లాస్ ఏబీ అని రకాలుంటాయి. క్లాస్ డీ అయితే అందులో 80 శాతం, అంటే 660 వాట్ల దాకా స్పీకరుకి వస్తుంది. క్లాస్ ఏబీ అయితే 60 శాతం వచ్చినా గొప్పే. మిగిలినదంతా మన డిక్కీలో వేడే. పాత క్లాస్ ఏబీ యాంప్ ఊఫర్ మీద పెట్టుకుని ఈ ఎండల్లో తిప్పలు పడేవాళ్లకి నా సలహా ఒకటే: డోర్ స్పీకర్లకి దాన్ని ఉంచుకుని, ఊఫర్‌కి క్లాస్ డీ మోనో (ఒకే ఛానెల్ ఉన్నది) కొనండి. ఒక్క ఆ మార్పుతో పుట్టే వేడి సగానికి దిగుతుంది.

ఇప్పుడు గెయిన్ పెట్టడం. ఫోన్‌లోకి 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ దించుకోండి, 0 డెసిబెల్ సైన్ వేవ్ అని ఉండేది. స్టీరియోలో ఈక్వలైజర్, లౌడ్‌నెస్, బేస్ అన్నీ సున్నా. యాంప్ మీద బేస్ బూస్ట్ సున్నా. స్పీకరు వైర్లు యాంప్ నుంచి ఊడదీసే ఉండాలి. గెయిన్‌ను పూర్తిగా ఎడమకి తిప్పండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, టోన్ పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకి తీసుకెళ్లండి. గరిష్ఠం 40 అయితే 30. మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి మొనలు యాంప్ స్పీకరు టెర్మినళ్లకి ఆనించండి. 50 హెర్ట్జ్ అంటే మన ఇంటి కరెంటు వేగమే, చవక మీటరైనా దాన్ని సరిగ్గా కొలుస్తుంది.

ఎన్ని వోల్టులు రావాలి? వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 300 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 1200, దాని వర్గమూలం 34.6. అంటే మీటరులో 34 వచ్చేదాకా గెయిన్‌ను మెల్లగా పెంచి అక్కడ ఆపండి. 500 వాట్లు, 2 ఓమ్‌లు అయితే 31.6. డోర్ స్పీకర్లకి 60 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 15.5. డోర్ ఛానెళ్లకి కూడా ఫిల్టర్లు ఆపేసి అదే 50 హెర్ట్జ్ వాడొచ్చు, స్పీకర్లు ఊడదీసే ఉన్నాయి కదా. మే నెలలో అయితే నేను వచ్చిన అంకెకంటే రెండు మూడు వోల్టులు కిందే ఉంచుతాను.

నాకు ఈ పని చేశాక గెయిన్ నాబ్ ఎక్కడ ఆగిందో తెలుసా, గడియారంలో తొమ్మిదిన్నర దగ్గర. అంతకుముందు నాలుగు దగ్గర ఉండేది.

ఇక బేస్ బూస్ట్. దాన్ని సున్నా మీద ఉంచి, ఆ నాబ్ మీద టేపు అతికించేయండి, మీ బావమరిదికి కనపడకుండా. 3 డెసిబెల్‌లు పెంచితే యాంప్‌ను అడిగే పవరు రెట్టింపు, 6 పెంచితే నాలుగు రెట్లు, 12 పెంచితే దాదాపు పదహారు రెట్లు. 50 వాట్లు సరిపోయే చోట 800 అడుగుతున్నామన్నమాట. ఊఫర్‌కి లో పాస్ (కింది శబ్దాలనే పోనిచ్చే ఫిల్టరు) 80 హెర్ట్జ్ దగ్గర, డోర్ స్పీకర్లకి హై పాస్ (పై శబ్దాలనే పోనిచ్చేది) 80 దగ్గర పెట్టండి. చిన్న స్పీకర్ల చేత ఊఫర్ పని చేయించడం ఆగితే నాలుగు ఛానెళ్ల యాంప్ కూడా చల్లబడుతుంది. గొట్టం ఉన్న పోర్టెడ్ పెట్టె అయితే సబ్‌సానిక్ ఫిల్టరు 25, 30 మధ్య ఉండాలి. వినపడని శబ్దానికి వేడి ఎందుకు?

4. వైరు, ఎర్త్

స్పీకర్లు తిరిగి కలపండి. ఇంజిన్ ఆన్, ఏసీ ఆన్, బాగా బేస్ ఉన్న పాట గట్టిగా. మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి మొదట బ్యాటరీ దగ్గర, తర్వాత యాంప్ టెర్మినళ్ల దగ్గర కొలవండి. నా కారులో బ్యాటరీ దగ్గర 13.7 ఉంటే యాంప్ దగ్గర 12.3 మాత్రమే. 1.4 వోల్టులు దారిలోనే గాలికి పోయాయి.

వోల్టేజీ తగ్గితే ఏమవుతుంది? కొన్ని యాంప్‌లు తగ్గిన వోల్టేజీని పూడ్చడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి. మిగతావాటికి బలం తగ్గి తొందరగా క్లిప్ అవుతాయి, మనమేమో వాల్యూమ్ పెంచుతాం. ఎటుపోయినా వేడే.

ఆ 1.4 ఎక్కడ పోయిందో పట్టుకోవాలి. ముందు ఎర్త్, అంటే యాంప్‌ను కారు బాడీకి కలిపే వైరు. ఇంట్లో ఉన్న ఏదైనా పొడుగు వైరు ముక్కతో మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ దాకా లాగి, రెండో మొనను యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి ఆనించండి, పాట గట్టిగా వాయిస్తూనే. 0.2 వోల్టులలోపు ఉంటే సరే. నాకు 0.6 వచ్చింది. విప్పి చూస్తే లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే రింగు) కింద రంగు రంగులాగే ఉంది, గోకనే లేదు. బోల్టు మరలకి తగిలిన ఆ కాస్త లోహంతోనే బండి నడిచింది. లగ్గు కూర్చునే మేర గరుకు కాగితంతో రంగు పోయి తెల్లటి ఇనుము మెరిసేదాకా రుద్దాను. స్టార్ వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూశాను. ఎర్త్ వైరు అరమీటరు దాటకూడదు, లావు పాజిటివ్ వైరుతో సమానం ఉండాలి. సీటు బెల్టు బోల్టును మాత్రం ముట్టుకోకండి. దానికి వేరే పని ఉంది.

తర్వాత పాజిటివ్ వైరు. గేజ్ అంటే వైరు లావు, అంకె తగ్గేకొద్దీ వైరు లావు. "8 గేజ్ కిట్" అని చవకగా అమ్మేవాటిలో చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. అసలు రాగి 8 గేజ్ వైరు మీటరుకి సుమారు 2 మిల్లీ ఓమ్‌లు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లకి 10 మిల్లీ ఓమ్‌లు. 50 ఆంపియర్లు పారితే అర వోల్టు పోతుంది. అదే వైరు పూత రకమైతే 0.8 దాకా పోతుంది. రాగి 4 గేజ్ అయితే 0.2. పూత రకంలో ఆ 0.8 వోల్టులూ 50 ఆంపియర్ల లెక్కన 40 వాట్లు కార్పెట్ కింద పడున్న వైరును కాల్చడానికే ఖర్చు. మా దగ్గర టంకం వేసే కర్ర 25 వాట్లది, దానికంటే ఎక్కువ.

వైరు మార్చడానికి బెజవాడ ఆటోనగర్‌లో గానీ ఏలూరు రోడ్డులో గానీ అడిగేటప్పుడు "4 గేజ్" అంటే సరిపోదు, "అసలు రాగి కావాలి, గీకి చూసుకుంటాను" అనండి. ఆ మాటతో షాపులో రెండో రకం చుట్ట బయటికొస్తుంది. బ్యాటరీ నుంచి అడుగున్నరలోపే ఫ్యూజు ఉండాలి. వేడి సంగతి పక్కన పెట్టినా ఇది తప్పనిసరి, ఎక్కడైనా వైరు నలిగి బాడీకి తగిలితే కారును కాపాడేది అదొక్కటే. రాగి 4 గేజ్‌కి 100 ఆంపియర్లది, 8 గేజ్‌కి 50 ఆంపియర్లది వేస్తే సరిపోతుంది. కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచేది) పెట్టించమని ఎవరైనా అంటే, వైరూ ఎర్తూ సరిచేశాక ఆలోచిద్దామనండి.

5. యాంప్ ఎక్కడ, ఎలా కూర్చోవాలి

డిక్కీలో వెనక సీటు వీపుకి నిలువుగా, రెక్కలు కింద నుంచి పైకి ఉండేలా బిగిస్తే అంతకంటే మంచి చోటు లేదు. వేడి గాలి రెక్కల మధ్య నుంచి తనే పైకి పోతుంది. వెనక పార్సిల్ ట్రే కింద తలకిందులుగా వేలాడదీయడం అన్నిటికంటే చెడ్డది, పైకి లేచిన వేడి తిరిగి యాంప్‌లోకే వస్తుంది. ఊఫర్ పెట్టె మీద బిగించడం చూడ్డానికి బాగుంటుంది, కానీ అదురుడికి లోపలి టంకాలు వదులవుతాయి.

చుట్టూ కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. ప్లైవుడ్‌కి నేరుగా ఆనించకుండా నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు వేసి ఒక సెంటీమీటరు లేపండి. కార్పెట్‌తో నున్నగా కప్పేసిన "కస్టమ్ ఫినిష్" ఫోటోకే పనికొస్తుంది.

మన వైపు సీఎన్‌జీ కార్లు బాగా పెరిగాయి, డిక్కీ అంతా సిలిండరే. వాళ్లకి సీటు కిందే గతి. ఏసీ చల్లదనం అందుతుంది కాబట్టి నిజానికి అది మంచి చోటే, రెండు జాగ్రత్తలు తీసుకుంటే. ఫ్లోర్ మ్యాట్ యాంప్ మీదికి ఎక్కకూడదు. వర్షాకాలంలో తడి చెప్పుల నీళ్లు అందకుండా అంగుళం ఎత్తులో ఉండాలి. సిలిండరు బ్రాకెట్‌కి గానీ దాని చుట్టుపక్కల గానీ రంధ్రాలు వేయకండి. ఎక్కడ డ్రిల్ పెట్టినా ముందు కారు కిందికి తల పెట్టి చూడండి, పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఆ పక్కనే వెళ్తుంటాయి.

6. ఇప్పుడు ఫ్యాన్లు

ఇంతదాకా చేశాక కూడా టేపు మీద 70 దాటుతుంటేనే ఇది. కంప్యూటర్లలో వాడే 80 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్లు రెండు చాలు. ఫ్యాను పక్కన గాలి ఎటు వెళ్తుందో బాణం గుర్తు ఉంటుంది. ఒక చివర నుంచి గాలి రెక్కల పొడవునా దూరి రెండో చివర నుంచి బయటికి పోయేలా బిగించండి. మూసిన డిక్కీలో అదే వేడిగాలిని తిప్పితే లాభం తక్కువ. హ్యాచ్‌బ్యాక్ అయితే పార్సిల్ ట్రే కొద్దిగా ఎత్తి ఉంచితే ఏసీ గాలి దిగుతుంది.

ఫ్యాన్లను నేరుగా రిమోట్ వైరుకి తగిలించొద్దు. ఆ సన్న వైరు యాంప్‌ను నిద్రలేపడానికే ఉంది, బరువు మొయ్యదు. ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) తీసుకోండి. దాని కాళ్లకి అంకెలుంటాయి. 86కి రిమోట్ వైరు, 85కి ఎర్త్, 30కి చిన్న ఫ్యూజు మీదుగా యాంప్ పాజిటివ్, 87కి ఫ్యాన్ల ఎర్ర వైరు. ఫ్యాన్ల నల్ల వైరు ఎర్త్‌కి.

వేడెక్కినప్పుడే తిరగాలంటే గుండ్రంగా బొత్తంలా ఉండే కేఎస్‌డీ 301 థర్మోస్టాట్ స్విచ్ దొరుకుతుంది. "నార్మల్లీ ఓపెన్" రకం (వేడెక్కితే మూసుకుని కరెంటు పారనిచ్చేది) అడిగి, దాన్ని రెక్కల మీద బిగించి ఫ్యాన్ల ఎర్ర వైరులో కలపండి. అందరూ 45 డిగ్రీలది పెడతారు, మనకది పనికిరాదు. మే నెలలో డిక్కీ గాలే 45 దాటి ఉంటుంది, స్విచ్ ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. 55ది తీసుకోండి. ఇంకో చిక్కు, ఈ స్విచ్‌ను రిలే లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే, బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో బండి పెట్టి మీరు షాపింగుకి వెళ్లినప్పుడు ఎండకే స్విచ్ మూసుకుని ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. సాయంత్రానికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

7. ఎండలో నిలిపిన బండి

దీనికి ఖర్చు లేదు. ఎండలో ఉన్న కారు ఎక్కగానే పాట పెంచకండి. నాలుగు అద్దాలూ దించి రెండు నిమిషాలు, తర్వాత అద్దాలు ఎక్కించి ఏసీతో పది నిమిషాలు. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి ఊరు దాటేసరికి ఎలాగూ ఆ పది నిమిషాలూ అవుతాయి, అప్పుడు పెంచండి. సెడాన్ డిక్కీకి ఏసీ అందదు కాబట్టి వాళ్లు ఎక్కేముందు ఒకసారి డిక్కీ తెరిచి ఆ ఆవిరిని వదిలెయ్యాలి.

దారిలో యాంప్ ఆగిపోతే స్టీరియోని ఆపేయకండి, వాల్యూమ్ సున్నా చేసి ఉంచండి, ఫ్యాన్లుంటే తిరుగుతాయి. తడి తువ్వాలు కప్పిన పెద్దమనిషిని నేనెరుగుదును. నీళ్లు టెర్మినళ్లలోకి దిగి, వేడికి చావని యాంప్ తడికి చచ్చింది.

8. లోపలి జబ్బు

పైవన్నీ సరిగ్గా ఉన్నా కాలుతోందా? ఆర్‌సీఏ, స్పీకరు వైర్లు అన్నీ పీకేసి యాంప్‌ను ఊరికే పదిహేను నిమిషాలు ఆన్‌లో ఉంచండి. గోరువెచ్చగా ఉండాలి, అంతే. పని లేకుండానే మాడిపోతుంటే లోపల ట్రాన్సిస్టర్ ఏదో కరెంటు కారుస్తోంది, లేదా ట్రాన్సిస్టర్లకీ రెక్కలకీ మధ్య పేస్టు ఎండిపోయింది. అది రిపేరు చేసేవాళ్ల పని. మీరు విప్పొద్దు, వైర్లు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జి ఉండొచ్చు. వాటి తల ఉబ్బి ఉంటే మార్చమని చెప్పండి, 105 డిగ్రీలు అని ముద్రించినవే వేయమనండి. 85వి మన డిక్కీలో ఎక్కువ కాలం బతకవు.

9. దుమ్ము

మూడు నెలలకోసారి బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, మెత్తటి పెయింటు బ్రష్‌తో రెక్కల సందులూ యాంప్ సొంత ఫ్యాను జాలీ దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పెన్సిలుతో ఆపి పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది. మిర్చి యార్డు వైపు రోజూ తిరిగే కార్లకి మూడు నెలలు కూడా ఎక్కువే. మొదటిసారి నా ఫ్యాన్లు విప్పినప్పుడు జాలీ మీద ఎర్రటి సన్నటి పొర కనపడింది, తుప్పు అనుకున్నాను. వాకిట్లో పెట్టి బ్లోయర్ కొట్టాను. మాస్కు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, ఆ సాయంత్రం మేమే కాదు, పక్కింటివాళ్లు కూడా తుమ్ముతూనే ఉన్నారు.